తివాచీ కొనుటకు ముందు లెక్క

తివాచీ కొనదలచినవారు వర్తకుడు చెప్పు చదరపుటడుగు ధరతోనే లెక్క ముగింపరాదు. క్రింద వేయు మెత్త, కత్తిరింపులో పోవు ముక్కలు, పరచు కూలి, తలుపు రాచుకొన్నచో వడ్రంగి కూలి, ఇవన్నియు ముందే వ్రాసికొనవలెను.

గోడనుండి గోడవరకు పరచినచో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుగల గదికి 120 చదరపుటడుగులు పట్టును. నలువైపుల నొక్కొక్క యడుగు విడిచినచో 80 చాలును. మూడవవంతు సొమ్ము మిగులును. అంటించు కూలియు నుండదు.

అంతకన్న ముఖ్యమొకటి. విడిగా పరచినదానిని వానలు వెలిసిన పిదప దులిపి యెండవేయవచ్చును. అంటించినది చెమ్మపట్టినచో క్రిందనే కుళ్లును. ఏలూరు ఉన్ని తివాచీలును, ఓరుగల్లు జంపఖానాలును విడిగా పరచుకొన దగినవే.

కాగితముమీద లెక్క కుదిరిన పిదపనే అంగడికి పోవలెనని మా మనవి. అప్పుచేసి పప్పుకూడు వంటి యలంకారము ఇంటికి శోభ కాదు.