సలాహుద్దీన్ సిపాయికి వంకర కత్తి ఎవరిచ్చారు?

డబ్బా మీద పేరు 'సారసెన్లు'. లోపల 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ సిపాయీలు: తలపాగా, వదులు అంగీ, నెలవంకలా వంగిన తల్వార్. పక్క డబ్బాలో క్రూసేడ్ నైట్లకు మాత్రం పాదాల దాకా ఇనుప జిరా. ఇదీ 1187 నాటి హత్తీన్ జంగ్ అట!

ఇది ఝూట్ భాయ్. సుల్తాన్ సలాహుద్దీన్ కుర్దు. ఆయన ఫౌజ్‌లో తుర్కులు, కుర్దులు, అరబ్బులు ఉన్నారు. అప్పటి కత్తులు ఎక్కువగా తిన్నగానే ఉండేవి. వంకర షంషీర్ జోరు తర్వాతి సదీలది. జిరా లేదా? ఉంది, కనబడదు. కజాగంద్ అంటారు, బట్ట పొరల మధ్య దాచిన ఇనుప జాలి. ఉసామా ఇబ్న్ మున్‌ఖిజ్ తన కజాగంద్ సంగతి రాసుకున్నాడు: లోపల ఒకటి కాదు, రెండు జిరాలు, అందులో ఒకటి ఫిరంగీలదే! పైగా కుందేలు బొచ్చు మెత్త. బొమ్మ చెక్కినవాడికి పై బట్టే కనబడింది.

"ఆటే కదా, ఛోడో" అనే పెద్దలతోనే నా జగడా. తారీఖ్ పాఠం పరీక్షతో పోతుంది. నెలల తరబడి కూర్చుని రంగేసిన సూరత్ పోదు.

(బొమ్మలు జాయజేనా అనేవారు తమ ఉలమాను అడగాలి. ఇంట్లో డబ్బా ఉన్నవాళ్లకే ఈ మాట.)

పారేయమనను, కోయమంటాను. ఆ తల్వార్ తీసేసి నైటు డబ్బాలో మిగిలిన తిన్నని కత్తి అతికించండి. అంగీ అంచున ఎపాక్సీ పుట్టీ పూసి సూదితో గుచ్చితే లోపలి జాలి తొంగిచూస్తుంది. కొందరికి తలపాగా బదులు ఇనుప టోపీ. అందరికీ నల్ల బట్టలొద్దు. జెండాకు పసుపు వేయండి, సుల్తాన్ రంగు అదే.