ట్యాంకు నీళ్లు వదిలారా?

ఆంబూరు, వాణియంబాడి తోళ్ల ఫ్యాక్టరీల్లో తోలు మీద రంగు చల్లేది గాలి. ఆ గాలినిచ్చే కంప్రెసర్లను బాగుచేయడమే నా పని. గుడియాత్తం నుంచి తిరుపత్తూరు దాకా బండి మీద తిరుగుతాను. "ఆడుతోంది కదన్నా, ఇప్పుడెందుకు విప్పేది?" ఎక్కువ చోట్ల ఇదే మాట.

పోయిన వేసవిలో ఒకచోట గాలి నిలవుండే రిసీవర్ ట్యాంకు అడుగు వాల్వు తిప్పితే బకెట్టు నిండా తుప్పునీళ్లు వచ్చాయి. ఆ తేమ గాలితోపాటు వెళ్లి తోలంతా చుక్కలు పడ్డాయి. సరుకు తిరిగొచ్చాకే నన్ను పిలిచారు. రోజూ పొద్దున ఆ వాల్వు తిప్పడానికి ఒక్క నిమిషం చాలు.

లీకుల సంగతి ఇంకా బాధ. 7 బార్ల ఒత్తిడిలో 3 మిల్లీమీటర్ల చిల్లు ఒక్కటున్నా 3 కిలోవాట్లకు పైగా కరెంటు వృథా. మెషిన్లు ఆపేశాక షెడ్డులో నిలబడి వింటే బుస్సుమనే చప్పుడు తెలుస్తుంది. సబ్బునీళ్లు రాస్తే చోటు దొరుకుతుంది. చాలామంది అది చేయరు, గాలి చాలడం లేదని ఒత్తిడి పెంచుతారు. ఒక్క బార్ పెంచితే కరెంటు ఆరేడు శాతం ఎక్కువవుతుంది.

ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకునే సేఫ్టీ వాల్వును కమ్మీతో కట్టేసిన చోటు కూడా చూశాను. ఆరోజు విప్పేదాకా మెషిన్ ఆన్ చేయనివ్వలేదు. సురక్షితమైన ఒత్తిడి దాటకూడదని 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్ చెప్పేది. ఆ ట్యాంకు పక్కనే పిల్లాడి వయసు హెల్పర్ అన్నం తింటుంటాడు.

ఓనర్లకు దండం పెట్టి అడుగుతున్నా: ఈ ఆదివారం కంప్రెసర్ ఆపి, ఆ సేఫ్టీ వాల్వు ఒక్కసారి చూపించుకోండి.