అడకత్తెరలో అమెరికా మధ్యతరహా రైతు

గత వేసవిలో విస్కాన్సిన్‌లోని ఓ డెయిరీ ఫామ్‌లో ఆవుల వేలం జరిగింది. ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడి తండ్రిది ఆ ఫామ్. 120 పాడి ఆవులు, 300 ఎకరాల భూమి, మూడు తరాల వ్యవసాయం. అప్పులవాళ్లు మీద పడితే అమ్ముకోలేదు. ‘‘ఇంకో ఐదేళ్లు ఎలాగోలా లాగగలను. లాగి ఎవరి చేతిలో పెట్టను?’’ అన్నారాయన. కొడుకు నాలాగే కంప్యూటర్ ముందు కూర్చుని బతుకుతున్నాడు. గోదావరి జిల్లాల్లోనో, కరీంనగర్‌లోనో పదెకరాల రైతు నోట మనం ఎన్నోసార్లు విన్న మాటే ఇది. అమెరికాలో వినేసరికి ఆశ్చర్యం వేసింది.

లెక్కలు చూస్తే ఆశ్చర్యపడాల్సిన పనేమీ లేదు. అమెరికా వ్యవసాయ శాఖ ఐదేళ్లకోసారి చేసే గణన ప్రకారం 2017లో 20.4 లక్షలున్న ఫామ్‌లు 2022 నాటికి 19 లక్షలకు తగ్గాయి. ఐదేళ్లలో లక్షా 41 వేలకు పైగా కనుమరుగయ్యాయి. ఏటా 10 లక్షల డాలర్లు, అంతకు మించి అమ్మకాలున్న ఫామ్‌లు మొత్తంలో 6 శాతమే. కానీ దేశంలో అమ్ముడయ్యే వ్యవసాయ ఉత్పత్తుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా వాటివే. మరో కొసన 50 వేల డాలర్లలోపు అమ్మకాలున్న ఫామ్‌లు 74 శాతం. అమ్మకాల్లో వాటి వాటా 2 శాతం. ఈ రెండు కొసల మధ్య మిగిలిన ఐదో వంతు ఫామ్‌లలోనే మధ్యతరహా రైతు కుటుంబాలు ఉన్నాయి.

రెంటికీ చెడ్డ రేవడి

చిన్న ఫామ్‌లున్న వారిలో చాలామందికి ఇల్లు గడిచేది ఉద్యోగంతో. శనివారం ఫార్మర్స్ మార్కెట్‌లో డేరా వేసి కూరగాయలు, గుడ్లు నేరుగా అమ్ముకుంటారు. పెద్ద ఫామ్‌లు వేల ఆవులు, వేల ఎకరాలతో ఒక్కో గ్యాలన్ మీద, ఒక్కో బస్తా మీద ఖర్చు తగ్గించుకుంటాయి. మధ్యలో ఉన్నవారికి ఈ రెండు దారులూ లేవు. 120 ఆవులు రోజుకు దాదాపు 900 గ్యాలన్ల పాలిస్తాయి. అన్ని పాలను డేరా వేసి అమ్మలేరు. పోనీ ఐదు వేల ఆవుల డెయిరీతో పోటీ పడదామంటే ఖర్చులో నెగ్గలేరు.

పైగా ధర రైతు చేతిలో లేదు. ఈ నెల పోసిన పాలకు లెక్క తేలి చెక్కు వచ్చేది వచ్చే నెలలోనే. వ్యవసాయ శాఖ అంచనా ప్రకారం 2023లో ఇక్కడి వినియోగదారు స్వదేశీ ఆహారం మీద పెట్టిన ప్రతి డాలరులో రైతుకు చేరింది దాదాపు 16 సెంట్లు. మిగతాది ప్రాసెసింగ్, ప్యాకింగ్, రవాణా, దుకాణం, హోటల్ ఖర్చుల కింద పోతుంది.

కొనేవాడు ఒక్కడే అయితే ఏమవుతుందో 2018లో చూశాం. రిటైల్ దిగ్గజం వాల్‌మార్ట్ ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో సొంత పాల ప్లాంటు పెట్టుకుంది. అప్పటిదాకా ఆ దుకాణాలకు పాలు ప్యాక్ చేసి ఇచ్చిన డీన్ ఫుడ్స్, 8 రాష్ట్రాల్లో వందకు పైగా రైతులకు కాంట్రాక్టు రద్దు చేస్తున్నట్టు ఉత్తరాలు పంపింది. మర్నాడూ ఆవులు పాలిస్తాయి కదా. ఆ పాలు ఎక్కడ పోయాలన్నదే వారికి ఎదురైన ప్రశ్న.

వందేళ్ల నాటి చట్టం

రైతులంతా కలిసి ధర మాట్లాడుకుంటే అది గుత్తాధిపత్యం కిందకు రాదా? ఒకప్పుడు ఇక్కడ అలాగే కేసులు పెట్టేవారు. 1922లో వచ్చిన కాపర్-వోల్‌స్టెడ్ చట్టం ఆ భయం తీర్చింది. రైతులు సంఘంగా ఏర్పడి పంటను కలిపి అమ్ముకోవచ్చని, ప్రాసెస్ చేసుకోవచ్చని చెప్పింది. అయితే ఒక సభ్యుడికి ఒకే ఓటు ఉండాలి, లేదా పెట్టుబడి మీద డివిడెండు 8 శాతం మించకూడదు. బయటివారి సరుకు సభ్యుల సరుకును మించకూడదు. డబ్బున్నవాడు వచ్చి సంఘాన్ని కొనేయకుండా వేసిన కంచె ఇది.

మన వంటింట్లోనే చూడండి. నెయ్యి కాచుకోవడానికి కొనే లాండ్ ఓ లేక్స్ వెన్న, పాయసంలో వేసే బ్లూ డైమండ్ బాదం, పిల్లల లంచ్ బాక్సులోకి సన్‌కిస్ట్ నారింజ, ఓషన్ స్ప్రే క్రాన్‌బెర్రీ... ఇవన్నీ రైతుల సహకార సంఘాలు నిలబెట్టిన బ్రాండ్లే. సన్‌కిస్ట్ మూలాలు 1893 నాటివి.

అమ్మడమే కాదు, ధర నిలబెట్టడం

మధ్యతరహా రైతుకు ఎక్కువ పనికొచ్చే పాఠం మాత్రం ఈ పాత పెద్ద సంఘాల కంటే 1980ల తర్వాత పుట్టిన కొన్నింటిలో ఉంది. వ్యవసాయ సంక్షోభం ముదిరిన 1986లో ఒరెగాన్‌లో హ్యాట్‌ఫీల్డ్ దంపతుల చొరవతో 14 పశుపోషక కుటుంబాలు ఒక్కటయ్యాయి. ఆ సంఘమే నేటి కంట్రీ నేచురల్ బీఫ్. వారు సొంత కబేళా కట్టలేదు, ఫ్యాక్టరీ పెట్టలేదు. ప్రాసెసింగ్ బయటివారికి కాంట్రాక్టు ఇచ్చి, అమ్మకం, బ్రాండు, ధర తమ దగ్గర ఉంచుకున్నారు. ‘మార్కెట్ ఎంతిస్తుంది’ అన్న దగ్గర వారి లెక్క మొదలు కాదు. సాగు ఖర్చు ఎంత, పెట్టుబడి మీద రాబడి ఎంత, బతకడానికి లాభం ఎంత అని లెక్కవేసి ధర అడుగుతారు. ప్రతి సభ్య కుటుంబమూ ఏటా కొన్ని రోజులు నగరంలోని దుకాణాల్లో నిలబడి కొనేవారితో మాట్లాడాలి. గుర్రం మీద పశువులు తోలే మనిషి సూపర్ మార్కెట్‌లో ఏప్రన్ కట్టుకుని నిలబడటం తేలికైన సంగతి కాదు. కొనేవాడి ముఖం రైతు చూడాలి, రైతు ముఖం కొనేవాడు చూడాలి అన్నది వారి నియమం.

తూర్పు వాషింగ్టన్‌లో గోధుమ రైతులు మొదలుపెట్టిన షెపర్డ్స్ గ్రెయిన్ కూడా ఇదే బాట పట్టింది. దున్నకుండా సాగు చేసిన గోధుమలను పెద్ద మిల్లులో విడిగా పట్టించి, సాగు ఖర్చు ఆధారంగా ధర కట్టి బేకరీలకు అమ్మింది.

విస్కాన్సిన్‌లోని లా ఫార్జ్‌లో 1988లో కొద్దిమంది రైతులతో మొదలైన ఆర్గానిక్ వ్యాలీ ఇప్పుడు వంద కోట్ల డాలర్లకు పైగా వ్యాపారం చేసే సంఘం. 2000 దశకం మధ్యలో పాలు చాలనప్పుడు అది వాల్‌మార్ట్‌కు సరఫరా ఆపి, మొదటినుంచీ తమను నమ్ముకున్న చిన్న దుకాణాలకు ఇచ్చింది. మాంద్యంలో గిరాకీ పడిపోయినప్పుడు ఏ సభ్యుడినీ వదిలించుకోకుండా అందరికీ కోటా తగ్గించింది. 2021లో ఓ బహుళజాతి సంస్థ ఈశాన్య రాష్ట్రాల్లో 89 ఆర్గానిక్ డెయిరీలతో ఒప్పందాలు ముగిస్తామన్నప్పుడు, అందులో పలు కుటుంబాలను చేర్చుకున్నది కూడా ఇదే సంఘం.

ఈ మూడింటిలో ఒక పోలిక ఉంది. రాశి పెంచి బేరం ఆడటం వాటి బలం కాదు. తమ సరుకు అందరి సరుకులో కలిసిపోకుండా విడిగా నిలిపి, దానికో పేరు పెట్టి, ఖర్చు మీద ధర అడిగాయి. అందుకు సభ్యులు చెల్లించిన మూల్యం స్వేచ్ఛ. ఎన్ని పాలు పోయాలో సంఘం చెబుతుంది. ఏ మందు వాడకూడదో సంఘం చెబుతుంది. బయట ధర నాలుగు డాలర్లు ఎక్కువ పలికినా సరుకు పక్కదారి పట్టించకూడదు. సంఘాలు ఎక్కువగా విరిగిపోయేది ఇక్కడే. బయట ధర తక్కువున్నప్పుడు అందరూ సభ్యులే, ఎక్కువున్నప్పుడే అసలు పరీక్ష.

సంఘం పేరు ఉంటే చాలదు

సహకారం అనగానే చేతులు జోడించనక్కర్లేదు. కాలిఫోర్నియాలో టమాటా, పీచ్ పండ్లు డబ్బాల్లో పెట్టి అమ్మిన ట్రై వ్యాలీ గ్రోయర్స్ అనే పెద్ద సంఘం 2000లో దివాలా తీసింది. ఫ్యాక్టరీల బరువు మోస్తూ అమ్ముడుపోని డబ్బాలు పేర్చుకున్న సంఘం సభ్యులను కాపాడలేకపోయింది.

1998లో నాలుగు సంఘాల కలయికతో పుట్టిన డెయిరీ ఫార్మర్స్ ఆఫ్ అమెరికాది మరో రకం కథ. ధరలు తొక్కిపెట్టారంటూ ఆగ్నేయ రాష్ట్రాల రైతులు వేసిన దావాలో ఆ సంఘం 2013లో 14 కోట్ల డాలర్లకు రాజీ పడింది, తప్పు ఒప్పుకోకుండానే. దివాలా తీసిన డీన్ ఫుడ్స్ ప్లాంట్లలో 44 ఇంటిని 2020లో అదే సంఘం కొన్నది. పాలు పోసేవాడి తరఫున ఉండాల్సిన సంఘమే కొనేవాడి కుర్చీలోనూ కూర్చుంటే, దాని మనసు ఎటు మొగ్గుతుంది? సంఘం ఎంత పెద్దదన్నది కాదు, మామూలు సభ్యుడు లెక్కలు అడిగితే చూపిస్తున్నారా అన్నది చూడాలి.

వాషింగ్టన్ డబ్బు ఎటు పోతోంది

ఈ చర్చ ఇప్పుడు ఎందుకంటే, 2025లో ప్రభుత్వం తీసుకున్న రెండు నిర్ణయాలు పక్కపక్కన పెట్టి చూడాలి. మార్చిలో వ్యవసాయ శాఖ రెండు పథకాలకు కోత పెట్టింది. బడులు, ఫుడ్ బ్యాంకులు చుట్టుపక్కల రైతుల దగ్గరే కొనేందుకు ఇచ్చే డబ్బు అది. రెండూ కలిపి వంద కోట్ల డాలర్లకు పైమాటే. రైతుల సరుకును ఒకచోట చేర్చి బడులకు పంపే ఫుడ్ హబ్‌లు అనే కేంద్రాలు చాలాచోట్ల ఆ డబ్బును నమ్ముకుని ట్రక్కులు, కోల్డ్ స్టోరేజీలు ఏర్పాటు చేసుకున్నాయి. డిసెంబరులో అదే ప్రభుత్వం సుంకాల గొడవల్లో నష్టపోయిన రైతులకు 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. అందులో సింహభాగం సోయా, మొక్కజొన్న వంటి పంటలకు.

కష్టకాలంలో సాయం తప్పు కాదు. కానీ ఎకరాల లెక్కన పంచే డబ్బు ఎక్కువ ఎకరాలున్నవారికే ఎక్కువ చేరుతుంది, మార్కెట్ మాత్రం నిరుటిలాగే ఉంటుంది. బడికి ఆపిళ్లు అమ్మే దారి ఒకసారి పడితే అది ఏళ్ల తరబడి ఉంటుంది. పన్నెండో వంతు ఖర్చయ్యే పనిని ఆపి, అంతకు పన్నెండింతలు ఉపశమనానికి పెట్టడం దూరదృష్టి అనిపించుకోదు. రైతు సంఘాలకూ ఇందులో పాఠముంది. ప్రభుత్వ ఆర్డరు ఒక్కటే ఆధారమైతే అది కూడా ఒకే కొనుగోలుదారును నమ్ముకోవడమే.

ములుకనూరు దారి

మనవాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. పాత కరీంనగర్ జిల్లా ములుకనూరులో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి 1956లో మొదలుపెట్టిన సహకార సంఘం రుణం దగ్గర్నుంచి విత్తనం, ఎరువు, ధాన్యం కొనుగోలు, మిల్లు దాకా ఒకే గొడుగు కిందకు తెచ్చింది. అక్కడి మహిళలు 2002లో సొంత డెయిరీ పెట్టుకున్నారు. సర్కారు పెత్తనం లేకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకునేలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దేశంలోనే తొలి అడుగు. కాపర్-వోల్‌స్టెడ్ చట్టం వెనకున్న ఆలోచన దానికి దగ్గరి చుట్టమే.

2020లో కేంద్రం 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టిస్తామంది. ఊళ్లో భూమి ఉన్న ప్రవాసులను వాటిలో చేరమని, పెట్టుబడి పెట్టమని అడుగుతున్నారు కూడా. చేరే ముందు మూడు ప్రశ్నలు వేయండి. సరుకు ఎవరు కొంటారు? ధర దేన్నిబట్టి కడతారు? సభ్యుడు సరుకు బయట అమ్ముకుంటే ఏం చేస్తారు? మూడింటికీ జవాబు లేకపోతే అది రిజిస్ట్రేషన్ కాగితం మాత్రమే.

ఇక్కడ మన చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. గుడి అన్నదానానికి, ఉగాది, బతుకమ్మ వేడుకలకు వందల మందికి వండుతాం. కూరగాయలు, పాలు కొంతైనా దగ్గరలోని ఫుడ్ హబ్ దగ్గర ముందే ఆర్డరిస్తే, అది ఓ మధ్యతరహా రైతుకు ఖాయమైన బేరం. సాఫ్ట్‌వేర్ వాళ్లం కాబట్టి ‘ఓ యాప్ చేసిస్తే పోలా’ అనుకుంటాం. ఆర్డర్లు, రవాణా లెక్కలకు యాప్ పనికొస్తుంది. బయట ధర పెరిగిన రోజున సభ్యుడు మాట మీద నిలబడేలా ఏ యాప్ చేయదు. అది మనుషుల మధ్య నమ్మకంతో జరగాల్సిన పని.

మిత్రుడి తండ్రి ఇప్పుడు పొలం పక్క డెయిరీకి మేత కోసం కౌలుకిచ్చారు. ఎప్పుడైనా సంఘంలో చేరాలనుకున్నారా అని అడిగాను. పాతికేళ్ల కిందట పక్కూరి రైతులు ఆర్గానిక్ సంఘంలోకి పిలిచారట. భూమికి మూడేళ్లు రసాయనాలు వేయకూడదు, పాలు వారికే పోయాలి, కోటా దాటకూడదు అన్నారట. ‘‘నా ఆవులు, నా పాలు, నా ఇష్టం అన్నాను. ఆ రోజు అది పౌరుషం అనుకున్నాను’’ అని కాసేపు ఊరుకున్నారు. పిలిచిన రైతుల్లో ఇద్దరు ఇప్పటికీ పాలు పోస్తున్నారు.