పిల్లాణ్ని సీసాకి పంపకండి

క్వార్టర్ తెమ్మని పద్నాలుగేళ్ల కొడుకు చేతిలో డబ్బులు పెట్టి పంపే నాన్నలు మా నెల్లూరు జిల్లా పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. వాడు చిల్లర కొట్టుకు వెళ్తాడు. కొట్టతను గల్లాపెట్టె కింద బియ్యం సంచిలో చెయ్యిపెట్టి సీసా తీసి, పాత పేపర్లో చుట్టి ఇస్తాడు. సీసా మీద రాసిన ధర కంటే ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ. మిగిలిన చిల్లర పిల్లాడి చిప్స్ ప్యాకెట్‌కి. బెల్టు షాపంటే ఇదే. బోర్డుండదు, వేళలుండవు, వయసు అడిగేవాళ్లుండరు. మూడు నాలుగేళ్లు పోయాక వాడే తన కోసం అక్కడికి వెళ్తాడు.

కుర్రాళ్ల తాగుడు మాట రాగానే సెల్‌ఫోన్లనీ సినిమాలనీ తిడతాం. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పిల్లల మధ్య గడిపినదాన్ని, నేను చూసింది చెబుతాను. మొదటి గుక్క చాలామందికి అయినవాళ్ల చేతి మీదుగానే అందుతోంది. పెళ్లి ఊరేగింపులో బావ పోస్తాడు. ఎన్నికలప్పుడు జెండా పట్టినందుకు పార్టీవాళ్లు పోయిస్తారు. నిమజ్జనం రోజు డీజే ముందు ఎగరడానికి చందా డబ్బుల్లోంచే సీసాలొస్తాయి. దేవుడి పేరు చెప్పి ఇంటింటా వసూలు చేసిన డబ్బది!

మా జిల్లాలోనే ఉన్న దూబగుంట మాకు దూరమేమీ కాదు. ఒకప్పుడు రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు అక్కడ సారా కొట్టు మూయించారు. ఆ కథ 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠమై ఊరూరా పాకింది. పెట్రోమాక్స్ దీపం కింద నేనూ ఆ పాఠం చెప్పాను. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని ఎత్తేశారు. ప్రభుత్వాలు తెస్తాయి, తీసేస్తాయి. ఎవరమ్ముతున్నారో ఊరికి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అప్పుడు ఎదురుగా నిలబడి అడిగేవాళ్లుండేవారు. ఇప్పుడు కొట్టతను మనకు అప్పిచ్చేవాడు, వరసకు బాబాయో మామో. అందుకే నోట మాట రాదు.

రావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇస్తే 2015 బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. వాళ్ల చేత మద్యం మోయించినా 78వ సెక్షన్ కింద అంతే శిక్ష. గ్రామసభలో ఈ రెండు సెక్షన్లూ బిగ్గరగా చదివించండి. డ్వాక్రా సంఘం ఆడవాళ్లు పదిమంది కలిసి వెళ్లి కొట్టతనికి అదే మాట చెప్పండి. ఒక్కరు వెళ్తే గొడవ, పదిమంది వెళ్తే ఊరి మాట.

ఇంకోటి. తిడతారనీ కొడతారనీ భయపడి, తాగి పడిపోయినవాణ్ని స్నేహితులు ఇంటికి తీసుకురారు. మోటారు షెడ్డు దగ్గర వదిలేసి పోతారు. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు, అంటే ఆరు చిన్న పెగ్గులు. ఖాళీ కడుపుతో గటగటా తాగితే ఊపిరి మందగించవచ్చు. స్పృహ లేనివాణ్ని వెల్లకిలా పడుకోబెడితే వాంతి గొంతుకడ్డం పడి ప్రాణమే పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో మజ్జిగో నిమ్మరసమో పోయకూడదు, ఒంటరిగా వదలకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇంటర్ చదివే ప్రతి పిల్లాడికీ ఇది నేర్పాలి. 'ఏం జరిగినా ముందు ఇంటికి రా, తిట్లు తర్వాత' అని అమ్మానాన్నలు ముందే చెప్పి ఉంచాలి. అలవాటు వదిలించుకోలేని కుర్రాళ్ల కోసం 14446 టోల్‌ఫ్రీ నంబరుంది. దాన్ని పంచాయతీ గోడ మీద రాయించడానికి ఖర్చెంత?

వినాయక చవితికి చందా పుస్తకం మీ గుమ్మంలోకి వస్తుంది. అమ్మలారా, సీసాలకు ఒక్క రూపాయి కూడా పోదని కమిటీ పెద్దల చేత ఒప్పించాకే డబ్బివ్వండి. పండగయ్యాక లెక్క అడగండి.