అమ్మ అడిగిన బ్రహ్మకమలం

మా అమ్మ వాట్సాప్ స్టేటస్‌లో ఏటా తప్పకుండా వచ్చే ఫొటో ఒకటుంది. రాత్రి పదకొండింటికి బాల్కనీ కుండీలో విచ్చుకున్న తెల్లటి పువ్వు, పక్కనే హారతి పళ్లెం. కింద 'మా ఇంట బ్రహ్మకమలం' అని క్యాప్షన్. మీ ఫ్యామిలీ గ్రూపులోనూ వచ్చే ఉంటుంది.

కిందటి ఆగస్టులో నేను ఉత్తరాఖండ్‌లోని హేమకుండ్ సాహిబ్‌కి ట్రెక్ వెళ్తుంటే అమ్మ ఒక్కటే అడిగింది. "అసలు బ్రహ్మకమలం అక్కడే పూస్తుందటరా. ఒక్కటి తీసుకురా."

ఘాంఘరియా నుంచి పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టాం. 4,000 మీటర్లు దాటాక చెట్లు మాయం. నాకు ఊపిరీ అంతంతమాత్రమే. అక్కడ, మంచుతెరలో, రాళ్ల మధ్య కనిపించింది. కమలంలా లేదు, లేత క్యాబేజీలా ఉంది!

నిజానికిది పొద్దుతిరుగుడు కుటుంబం మొక్క. మన కుండీల్లోది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్. రెంటికీ పేరు కలిసిందంతే, చుట్టరికం లేదు.

దీనికి పైన కనిపించే లేతపసుపు రేకులు రేకులే కావు, కాగితంలాంటి పల్చటి ఆకులు. అసలు పువ్వులు లోపల ఉంటాయి, ఊదారంగులో, చిన్నచిన్నగా. బయట చలి, వాన. లోపల వెచ్చగా. సొంత గ్రీన్‌హౌస్ అన్నమాట. చలికాలమంతా మంచు కింద వేరుతో బతికి, జులై నుంచి సెప్టెంబరు లోపు పూసి గింజ కట్టేయాలి. డెడ్‌లైన్ అంటే అదీ!

చెయ్యి చాచాను. ఒక్కటే కదా అనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే మెట్ల మీద జనం బారులు. తలా 'ఒక్కటే' అనుకుంటే?

ఇది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. కేదార్‌నాథ్‌లో శివుడికి పెడతారు. ఆ గిరాకీ వల్లే కొండల మీద తగ్గిపోతోంది. అమ్మ కాక్టస్‌కైతే ముక్క తుంచి మట్టిలో గుచ్చితే చాలు, ఇంకో మొక్క రెడీ. ఇక్కడ గింజ కట్టకముందే పువ్వు కోస్తే, దాని నుంచి రావాల్సిన మొక్కలన్నీ పోయినట్టే.

ఫొటో తీసుకుని దిగిపోయాను.

ఇంటికొచ్చి చూపిస్తే అమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఇదా? మనదే బాగుంది కదరా!" అంది. రాత్రి స్టేటస్ చూశాను. నా ఫొటోయే. కింద ఇలా రాసింది: 'అసలు బ్రహ్మకమలం. మావాడు కోయలేదు.'