కుదురులేని బిడ్డ నిద్ర

నాగారము, నాచారము, ఉప్పలు ప్రాంతముల బిడ్డలకు పాఠములు చెప్పుచు మేము చాల యేండ్లు గడిపితిమి. ప్రతి తరగతియందును కుదురుగా కూర్చుండలేని బిడ్డ యొకడైనను ఉండును. ప్రశ్న ముగియకమునుపే బదులు చెప్పును. పుస్తకము మరచి వచ్చును. బల్లక్రింద వాని కాళ్లు నిలువవు. అట్టివానిని మేము చిరకాలము అల్లరివాడనియే యెంచి బల్లపై నిలువబెట్టితిమి. అది మా తప్పు.

ఆ తప్పు మాకు తెలిపినది గ్రంథము కాదు, ఒక ముదుసలి. మనుమనిపై మేము చేసిన ఫిర్యాదులన్నియు ఓపికతో విని యామె, "పగటి సంగతి మీరు చెప్పిండ్రు సారూ. రాత్రి వాని పక్కల పండేది నేను. తెల్లారేదాక కాళ్లు తన్నుకుంటనే ఉంటడు. పొద్దుగాల అడిగితే వానికేం ఎరుక లేదు" అనెను.

పిమ్మట చదివియు, వైద్యుల నడిగియు మేము తెలిసికొన్నది చెప్పెదము. ఇట్టి బిడ్డలను గూర్చి 1902లో లండను నగరమున జార్జి స్టిల్ అను వైద్యుడు ఉపన్యాసము లిచ్చెను. నేడు ఆ స్థితిని ఏ.డి.హెచ్.డి. యందురు. అది మెదడు ఎదుగుదలలోని భేదము గాని పెంపకపు లోపము గాదు. వీరిలో కొందరికి నిద్రలో కాళ్లు తమంతట తామే, తరచుగా 20 నుండి 40 సెకండ్ల కొకమారు, అదరుచుండును. బిడ్డకు తెలియదు గాని నిద్ర చెడును. నిద్ర చాలని పెద్దలు తూగుదురు. బిడ్డలో, పెక్కుమారులు, చాంచల్యమే హెచ్చును.

ఈ కదలికలకును శరీరమున ఇనుము తగ్గుటకును సంబంధము కలదు. కదలికలను నడుపు డోపమిన్ అను పదార్థము తయారగుటకు మెదడునకు ఇనుము కావలయును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున అయిదేండ్లలోపు శిశువులు నూటికి 67 మంది రక్తహీనులని తేలెను. రక్తహీనత యంతయు ఇనుము లోపమువలననే కాకున్నను ఇది త్రోసివేయదగిన మాట కాదు. రక్తము బాగుగ నున్నను ఇనుము నిల్వ తక్కువగా నుండవచ్చును. ఫెరిటిన్ పరీక్ష దానిని తెలుపును. కాని వైద్యుడు చెప్పక ఇనుపమాత్రలు మ్రింగింపరాదు. మితిమీరిన ఇనుము హానికరము.

"ప్రతి యల్లరికిని రోగమని పేరిడిన క్రమశిక్షణ యేమగును?" అని సహోపాధ్యాయులు కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కుదురులేని ప్రతివానికిని ఈ స్థితి యుండదు. క్రమశిక్షణ వలదనియు మేమనము. కాని బెత్తము నిద్రలో కదలు కాలిని ఆపజాలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము దండనను నిషేధించియే యున్నది. బిడ్డను ముందు వరుసలో నుంచి, పనిని చిన్న భాగములుగ నిచ్చి, నడుమ నల్లబల్ల తుడుచుటకు లేపుడు. ఆ ముదుసలి మనుమడు నేటికిని కదలుచునే యుండును; గాని లెక్కను మధ్యలో విడువక ముగించుచున్నాడు.

తలిదండ్రులారా, ప్రగతిపత్రముపై చేవ్రాలు చేయ వచ్చినపుడు బిడ్డ నిద్రను గూర్చియు మాకు చెప్పుడు. కాళ్లు తన్నుకొనుచున్నను, గురకపెట్టుచున్నను ఫోనులో చిత్రించి వైద్యునకు చూపుడు. బాలబాలికలారా, కుదురులేని తోటివానిని గేలి చేయకుడు. ఇక ఉపాధ్యాయులమగు మేము, "ఏల అల్లరి చేసితివి?" అని గద్దించుటకు ముందు "రాత్రి బాగుగ నిద్రించితివా?" అని అడుగ నేర్చుకొనవలయును.