నలువైపులా నేలే

సాంఘిక శాస్త్రం చెప్పే మేమంతా పిల్లల చేత వల్లె వేయించే మాట ఒకటుంది: భూపరివేష్టిత దేశం. చుట్టూ నేలే, సముద్రం లేదు. ఆఫ్రికాలోని లెసోతోది ఇంకా ఇరుకు. దాని చుట్టూ ఉన్నది ఒకే దేశం, దక్షిణాఫ్రికా. వైశాల్యం 30 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. "అంత చిన్న దేశం గురించి మనకెందుకు సార్" అనేవాళ్లు మా పరకాల వైపు చాలామందే ఉన్నారు. మాకెందుకో చెబుతాం.

1824లో మొషోషో అనే నాయకుడు చెల్లాచెదురైన జనాన్ని థాబా బోసియు అనే గుట్ట మీదికి చేర్చాడు. పైన చదును, చుట్టూ నిలువు బండ. బోయర్లు దాడి చేసినా ఆ గుట్ట లొంగలేదు. కాలెడాన్ నది అవతలి మంచి భూములు మాత్రం పోయాయి. 1868లో ఆయన బ్రిటిష్ రక్షణ కిందికి వెళ్లాడు. 1966 అక్టోబర్ 4న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. మిగిలినవి కొండలే, కానీ సొంత కొండలు.

మేడారంలోనూ గుట్ట ఉంది. పన్ను కట్టమని వచ్చిన కాకతీయ సైన్యంతో కొట్లాడి పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ నేలకొరిగారు. జంపన్న సంపెంగ వాగులో ప్రాణం వదిలాడు. సమ్మక్క చిలకలగుట్ట దారిలో కనిపించకుండా పోయింది. మొషోషోది చరిత్ర అట, మాది పుక్కిటి కథ అట! తేడా ఏమిటి? ఆయన దగ్గరికి 1833లో కాగితం, కలం ఉన్న ఫ్రెంచి మిషనరీలు వచ్చారు. మా కథ డోలీల నోట, పడిగె గుడ్డ మీద ఉంది. కోయ డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. ఆయన పాడింది చరిత్ర అని ఎప్పుడు ఒప్పుకుంటారు? పరకాలలో 1947 సెప్టెంబర్ 2 కాల్పుల్లో పోయినవాళ్లకు అమరధామం కట్టుకున్నాం, కట్టాల్సిందే. మరి జంపన్న అమరుడు కాడా?

లెసోతో స్వర్గమని మేము అనడం లేదు. అక్కడి మగవాళ్లు తరతరాలుగా దక్షిణాఫ్రికా గనుల్లో బతుకీడ్చారు. 1986లో జనం ఎన్నుకోని సైనిక ప్రభుత్వం అవతలి వర్ణవివక్ష ప్రభుత్వంతో నీళ్ల ఒప్పందం రాసుకుంది. కాట్సే డ్యాం కింద కొండ పల్లెల పొలాలు, పచ్చిక బీళ్లు మునిగాయి. ఇంత జరిగినా ఆ నీళ్లకు రాయల్టీ లెసోతో ఖజానాకు వస్తోంది. దేశం కాబట్టి వస్తోంది.

మా గోదావరి ఒడ్డు మాటేమిటి? పోలవరం కోసం 2014లో కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలను, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొన్ని ఊళ్లను తెలంగాణ నుంచి ఆంధ్రలో కలిపారు. ఐదో షెడ్యూలు ఉంది, 1/70 ఉంది, 1996 నాటి పెసా చట్టం ఉంది. మీరు ఏ రాష్ట్రంలో ఉంటారని ఒక్క గూడెంలోనూ ఓటు పెట్టి అడగలేదు. నీళ్లు డెల్టాకు, కరెంటు పట్నాలకు, కోయవాళ్లకు, కొండరెడ్లకు పునరావాస కాలనీలో ఒక ఇల్లు.

లెసోతో పాఠం తీసెయ్యమని మేము అడగడం లేదు, ఉండనివ్వండి. దాని పక్క పేజీలో మునిగే గూడేల పటం వేయండి. ఒక్కో గూడెం పేరు అక్కడి వాళ్లు పిలిచే తీరులోనే అచ్చు వేయండి, అదీ ఊళ్లు ఖాళీ కాకముందే.